పరమానందయ్య శిష్యులే నయం

కార్తీకమాసం వస్తే మా గుడ్లవల్లేరులో రెండు పార్టీలు పుడతాయి. కులంతో గానీ జెండాతో గానీ వాటికి పనిలేదు. ఒకటి పంటు పార్టీ, రెండోది బోటు పార్టీ. "ఏటా ఆ మామిడితోటలోనేనా వనభోజనాలు? ఈసారి దివిసీమ పోయి ఏదన్నా లంకలో వండుకుందాం" అని ఎవరో ఒకరు నోరు జారతారు. అంతే, నోటిఫికేషన్ వచ్చినట్టే. ఆ రాత్రే మా పెదనాన్నగారి అరుగు మీద సభ.

పంటు పార్టీకి నాయకుడు మా బాబాయి. రిటైరైన లెక్కల గుమస్తా. చిల్లర ఇవ్వని కండక్టరుని వదలకుండా బందరు దాకా వెళ్లి రూపాయిన్నర వసూలు చేసుకొచ్చిన మనిషి. బోటు పార్టీకి నాయకుడు మా చెల్లెలి భర్త. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. పక్కవాడితో పంచుకునేది ఏదైనా ఆయనకి చిన్నతనం.

"ఏరు దాటడానికి పడవ మొత్తం మాట్లాడుకోవడమేమిటి అల్లుడుగారూ? పంటు మీద తలకింతని పారేస్తే అదే దాటిస్తుంది గదా!"

"పంటు మీద గేదెలూ ట్రాక్టర్లూ ఎక్కుతాయి మావయ్యగారూ. మనకంటూ ఒక బోటుంటే ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతుంది."

"ఎక్కడంటే అక్కడ ఆగిందంటే అది ఇసకమేట. మనం చెప్పక్కర్లేదు, అదే ఆగుతుంది."

రెండున్నర గంటలు సాగింది చర్చ. పులిహోర మోయాలా, అక్కడే ఉడకేయాలా? మోపిదేవి సుబ్బారాయుడి దర్శనం పోయేటప్పుడా, వచ్చేటప్పుడా? బోటులో స్పీకరు ఉంటుందా, మనమే పట్టుకెళ్లాలా? బందరులో ఆగి లడ్లు కొనడానికి ఎంతసేపు? అన్నీ తేలాయి. పడవ నడిపేవాడెవడు, అది ఎంతమందిని మోస్తుంది, బోల్తా పడితే పట్టుకోడానికి ఏముంది అని మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అడిగితే శకునపక్షి అంటారు. ఊరి పేరు చివర ఏరున్నా మాలో సగం మందికి ఈత రాదు. కాలవలో దిగిన గేదెకి ఉన్న ధీమా మాకు లేదు. అయినా ఇరవైమూడు మంది పేర్లు రాసుకుని, తలకింత అడ్వాన్సు వసూలు చేసి సభ ముగించాం.

ఇంటికొచ్చి పడుకున్నాక నాకు పరమానందయ్య శిష్యులు గుర్తొచ్చారు.

పాపం, వాళ్లని చూసి తరతరాలుగా నవ్వుతున్నాం. ఎందుకు నవ్వుతున్నామో ఒకసారి నెమరేసుకుందాం. శిష్యులు ఏరు దాటాలి. దిగబోయే ముందు ఏరు నిద్రపోతోందో మేలుకుందో చూద్దామని ఒకడు కొరకంచు తీసుకెళ్లి నీళ్లలో పెట్టాడు. సుయ్యిమంది. "అమ్మో, మేలుకునే ఉంది, బుస కొడుతోంది" అని అందరూ వెనక్కి తగ్గి గట్టు మీద కూర్చున్నారు. కాసేపాగి ఆరిపోయిన కట్టెతో మళ్లీ పొడిచారు. ఏరు పలకలేదు. నిద్రపోయిందని నిర్ధారించుకుని చప్పుడు చేయకుండా దాటారు. అవతలి గట్టున ఒకడు లెక్కపెట్టాడు, తనని తాను మర్చిపోయాడు. ఒకటి తగ్గింది. ఇంకొకడు లెక్కపెట్టాడు, వాడూ అంతే. ఏరు ఒకణ్ణి మింగేసిందని గొల్లుమన్నారు. దారిన పోయే మనిషి వచ్చి లెక్క సరిచేశాడు.

ఇదే కథని సర్కారు భాషలో రాసి చూడండి. ప్రయాణానికి ముందు నదీ పరిస్థితిపై క్షేత్రస్థాయి తనిఖీ. పరిస్థితి ప్రతికూలంగా ఉన్నందున ప్రయాణం వాయిదా. పునఃపరిశీలన అనంతరం అనుమతి. గమ్యం చేరగానే తలల లెక్క. తేడా రాగానే తక్షణ స్పందన. చివరగా బయటి వ్యక్తిచేత ఆడిట్. మన గోదావరి మీద, మన కృష్ణ మీద ఇన్ని జాగ్రత్తలూ తీసుకుని ఏరు దాటిన ప్రయాణికులు కథల్లో తప్ప నాకు కనబడలేదు. వాళ్లకేమో మూర్ఖులని పేరు పెట్టాం.

ఇక మేం పోదామనుకున్న చోటు సంగతి. కృష్ణమ్మ పులిగడ్డ దగ్గర రెండు పాయలై దివిసీమని ఒళ్లో పెట్టుకుంటుంది. అంటే దివిసీమే ఒక లంక. ఆ లంక చివర, సముద్రం అంచున మళ్లీ లంకలు. ఎదురుమొండి, నాచుగుంట, గొల్లమంద, ఈలచెట్లదిబ్బ. అక్కడివాళ్లందరూ నాగాయలంక మండలం మనుషులే, కాకపోతే మండలాఫీసుకీ వాళ్లకీ నడుమ ఏరుంది. ఏటిమొగ గట్టున నిలబడితే ఎదురుగా కనబడేది ఎదురుమొండి. రేషను కార్డులో అచ్చుతప్పు దిద్దించుకోవాలన్నా ఏరు దాటాలి. నొప్పులొచ్చిన పిల్లని కాన్పుకి తీసుకెళ్లాలన్నా అదే ఏరు. తుపాను హెచ్చరిక వస్తే పంటు ఆగిపోతుంది. తుపాను మాత్రం ఆగదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన సీమకి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అక్కడికో వారధి కట్టిస్తామనే మాట ఎన్నికలు ఎన్నిసార్లొస్తే అన్నిసార్లు వస్తుంది. ఆ మాటల్నే స్తంభాలుగా పాతి ఉంటే ఈపాటికి వారధి ఎదురుమొండి దాటి అండమాను దాకా పోయేది.

పంటు అంటే తెలియని పైప్రాంతం వాళ్ల కోసం ఒక ముక్క. రెండు పడవలు పక్కపక్కన కట్టి మీద బల్లలు పరిస్తే పంటు. దాని మీద మనిషి ఎక్కుతాడు. మోటారుసైకిలు, ఆటో, ధాన్యం బస్తా, రొయ్యల మేత, గ్యాసు బండలు, పెళ్లివారి సామాను, బడిపిల్లలు, ఎన్నికల పెట్టెలు, అన్నీ ఎక్కుతాయి. అదే వాళ్ల బస్సు, అదే అంబులెన్సు. వాళ్లకి పంటా, బోటా అన్న ప్రశ్నే లేదు. ఆ ప్రశ్న ఆదివారంనాడు కారులో వచ్చిన మాలాంటి వాళ్లది.

మరి ఇంత ముఖ్యమైన పంటుని సర్కారు ఎలా చూసుకుంటుంది? పాట పెట్టి. సంగీతం కాదు, వేలం పాట. 1890లో మద్రాసు రాజధానిలో తెల్లదొరలు కాలవలకీ రేవులకీ కలిపి ఒక చట్టం చేశారు. రేవు అంటే గుత్తకిచ్చుకునే ఆదాయం అన్న అలవాటు ఆనాటిది. దొర ఓడెక్కి వెళ్లిపోయాడు, గుత్త రేవులోనే ఉండిపోయింది. ఎక్కువ పాడినవాడిదే రేవు. పాడిన డబ్బు వాడు ఎక్కడ రాబట్టుకోవాలి? ఎక్కే తలల్లో. ఇరవై తలలు ఎక్కేచోట ముప్పయి ఎక్కితే గుత్తదారుకి గిట్టుబాటు, పాట పెట్టినవాళ్లకి వచ్చే ఏడాది పాట పెరుగుతుందని సంబరం. తలలు లెక్కపెట్టి "ఇక చాలు, దిగండి" అనడంవల్ల లాభపడే మనిషి ఆ గట్టు మీద ఎవడూ లేడు. ఒక్క ఎక్కినవాడు తప్ప. వాడికేమో తొందర.

అంతమాత్రాన నేను పంటుకి వ్యతిరేకిని కాను. అరుగు మీద నా ఓటు బాబాయికే పడింది, అది పొదుపు కోసం కాదు. పంటు సరంగు రోజుకి పదిసార్లు అదే నీళ్లమీద తిరుగుతాడు. పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు, మొన్నటి వరదకి మేట ఎటు జరిగింది, కాళ్లతోనే చెబుతాడు. వాడి పెళ్లాం బిడ్డలూ దాని మీదే దాటతారు. సరదా బోటువాడి సంగతి అలా కాదు. వాడు రోజూ వెళ్లే చోటుకి మనం వెళ్లం. "అదిగో ఆ మడచెట్ల లోపలికి పోనీ", "సముద్రం కలిసే చోటు చూపించు", "లైట్‌హౌసు దగ్గర ఫొటో తీసుకుంటాం" అని పురమాయిస్తాం. డబ్బిచ్చేది మనం గనక దారి కూడా మనమే చెబుతాం. నది గురించి అందరికంటే తక్కువ తెలిసినవాడి చేతికి చుక్కాని ఇవ్వడాన్నే ప్రత్యేక బోటు మాట్లాడుకోవడం అంటారు.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న చోటు పేరే ఫెర్రీ. ఒకప్పటి రేవు పేరు ఊరికి అతుక్కుపోయింది. 2017 నవంబరు 12, కార్తీకమాసం, ఆదివారం సాయంత్రం. ఒంగోలు నుంచి వచ్చిన వాకర్స్ క్లబ్ వాళ్లూ తక్కిన యాత్రికులూ భవానీ ద్వీపం వైపునుంచి పవిత్ర సంగమం హారతి చూద్దామని ఒక ప్రైవేటు పడవ ఎక్కారు. దానికి ఆ ప్రయాణానికి అనుమతి లేదు. ఎక్కినవాళ్లకి లైఫ్ జాకెట్లు లేవు. ఘాటు కనబడుతూ ఉండగా బోల్తాపడింది. ఇరవైమందికి పైగా పోయారు. రోజూ నడక నడిచి ఆరోగ్యం కాపాడుకునే మనుషులు. ముందు చేతికి అందినవాళ్లని లాగింది దగ్గర్లో ఉన్న జాలర్లు.

ఆ తరవాత ఏం జరిగిందో మీకు తెలుసు, చెప్పకపోయినా తెలుసు. దిగ్భ్రాంతి, ఎక్స్‌గ్రేషియా, విచారణ, సస్పెన్షను, కొన్నాళ్లపాటు బోట్లన్నీ ఒడ్డుకి కట్టేయడం. మన దగ్గర నదికి భద్రత అంటే పడవని తాడుతో కట్టేయడమే. ఆ తాడు నాననంత కాలం మనమంతా క్షేమం.

మరుసటి ఏడాది 2018 జూలై 14న కోనసీమలో పశువుల్లంక దగ్గర బడి నుంచి ఇళ్లకి వెళ్తున్న పిల్లల నాటుపడవ గోదావరిలో స్తంభానికి కొట్టుకుంది. ఏ స్తంభం? ఆ లంకవాళ్లకి పడవ కష్టం తీరుద్దామని కడుతున్న వంతెనది. దీనికి వ్యంగ్యం నా దగ్గర లేదు. ముందుకి పోతాను.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు. మళ్లీ ఆదివారం. గోదావరి వరద మీద ఉంది, పాపికొండలు చూడ్డానికి బోటు బయల్దేరింది, మునిగింది. ఇక్కడ నా ఫిర్యాదు వరద మీద కాదు, లెక్క మీద. బోటులో ఎంతమంది ఉన్నారని రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుని అడిగింది. మొదటిరోజు అరవై చిల్లర అన్నారు. ఆ సంఖ్య డెబ్బై దాటింది. చివరికి 77 అని తేలింది. బోటు మునిగాక ప్రయాణికులు పెరుగుతూ పోయారన్నమాట. రేవులో లెక్కపెట్టనివాళ్లని ఆస్పత్రిలో, గట్టు మీద, శవాల వరసలో లెక్కపెట్టారు. టికెట్ తీసుకోని చంటిబిడ్డ ఏ జాబితాలో ఉంటుంది? ఇరవైఆరు మంది బతికారు. వాళ్లని పడవలేసుకొచ్చి లాగింది కచ్చులూరు ఆదివాసులు. బోటుని 38వ రోజున కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం ఇనుప తాళ్లేసి బయటికి లాగింది. ఆ రోజు మాత్రం లెక్కలో తేడా రాలేదు. బోటు ఒక్కటే.

ఆ దెబ్బతో సర్కారు నిజంగానే కదిలింది. తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములన్నారు. పేర్లు చూడండి. పాపికొండల దారిలో కొన్ని, రాజమహేంద్రవరం, రుషికొండ, నాగార్జునసాగర్, శ్రీశైలం, బెజవాడ బెర్మ్ పార్కు. సరదాకి పడవెక్కే చోట్లన్నీ ఉన్నాయి. బతుకు కోసం పడవెక్కే దివిసీమ రేవు ఒక్కటీ లేదు. ఇందులో తర్కం బోధపడటానికి నాకు కొంత టైం పట్టింది. నెలకోసారి నది మీదకి పోయేవాడు పర్యాటకుడు, వాడు మునిగితే వార్త. రోజూ పోయేవాడు స్థానికుడు. వాడికి అలవాటే.

సరే, లెక్కపెట్టడం అంత అసాధ్యమా? మలయాళీ వాళ్లని అడుగుదాం. కేరళలో జలరవాణాకి ఒక సర్కారు శాఖ ఉంది, 1968 నుంచి. మన ఆర్టీసీ బస్సులాగా వేళకి పడవ వస్తుంది, టికెట్ ఇస్తుంది, పోతుంది. వైక్కం దగ్గర 75 మంది పట్టే ఆదిత్య అనే పడవ 2017 నుంచి సూర్యుడి వెలుగుతో నడుస్తోంది. మనకి ఎండ తక్కువా? రెంటచింతల ఎండని మనం వార్తల్లో చదువుకోడానికి తప్ప దేనికీ వాడం. కొచ్చి వాటర్ మెట్రోలో గేటు దాటినవాళ్లని యంత్రమే లెక్కేస్తుంది. పడవ ఎంతమందికో అంతమందికే. మా బాబాయి వెళ్లి "మా అల్లుడుగారొక్కరే సర్దుకుంటారు" అన్నా ఆ గేటు మొహమాటపడదు.

అలాగని కేరళకి దండేసి దణ్ణం పెట్టకండి. ఆ వాటర్ మెట్రోని ప్రారంభించింది 2023 ఏప్రిల్ 25న. పన్నెండు రోజులు తిరిగేసరికి మే 7న అదే కేరళలో తానూరు దగ్గర, చేపల పడవని మార్చి చేసిన సరదా బోటు మోయగలిగినదానికంటే ఎక్కువమందిని ఎక్కించుకుని మునిగింది. 22 మంది పోయారు. అదీ ఆదివారమే. అవే నీళ్లు, అదే ప్రభుత్వం. ఒకచోట లెక్కపెట్టే గేటుంది, రెండోచోట చెయ్యిచ్చి ఎక్కించే మనిషున్నాడు.

ఇంకా దూరం పోవాలంటే మా అల్లుడుగారి తమ్ముడు న్యూజెర్సీలో ఉన్నాడు. ఇండియా నుంచి ఎవరెళ్లినా వాళ్లని తీసుకెళ్లేది స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీకి. 1997 నుంచి దానికి టికెట్టే లేదు. ఇరవైఅయిదు నిమిషాలు, స్వేచ్ఛాప్రతిమ పక్కనుంచి పోతుంది, ఫొటోలు ఉచితం. అక్కడ తెలుగువాడు ఊరందరితో కలిసి ఊరి పడవ ఎక్కడానికి సిగ్గుపడడు, పైగా చుట్టాలకి గొప్పగా చూపిస్తాడు. అదే మనిషి సంక్రాంతికి వస్తే నాగాయలంకలో పంటు వంక చూసి ముక్కు మూసుకుని "ప్రైవేటు బోటేమన్నా ఉందా?" అంటాడు. ఆ ఫెర్రీ కూడా 2003లో ఒకసారి రేవు దిమ్మెకి గుద్దుకుంది, పదకొండు మంది పోయారు. నడిపినవాడితో పాటు ఆఫీసులో కూర్చునే ఫెర్రీల పెద్దాఫీసరు కూడా జైలుకెళ్లాడు. ఆయన నేరం ఏమిటంటే, పడవ నడిపేచోట ఇద్దరుండాలన్న నియమాన్ని అమలు చేయకపోవడం. ఈ వాక్యం మన సచివాలయంలో ఎవరన్నా చదువుతుంటే కంగారుపడకండి. అది న్యూయార్క్.

మనకి లెక్కలు రావని కూడా అనలేం. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరదొచ్చింది. ఆ వరదలో ఇనుప పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లని గుద్దాయి. అప్పుడు చూడాలి మన చురుకు! ఒక్కో పడవ ఎన్ని టన్నులు, ఎవరి పేరున ఉంది, ఏ గట్టున కట్టారు, రంగు ఏ పార్టీది, అన్నీ టీవీల్లో రోజుల తరబడి తేల్చారు. క్రేన్లొచ్చాయి, గ్యాసు కట్టర్లొచ్చాయి, నీళ్లలో దిగి కోసేవాళ్లొచ్చారు. మనుషులెవరూ లేని పడవల గురించి మనకి తెలిసినంత వివరంగా మనుషులెక్కిన పడవ గురించి ఏనాడైనా తెలిసిందా?

ఇక మా వనభోజనాలు. అరుగు మీద రాజీ కుదిరింది. పంటు మీద దాటడం, అవతల ఒక బోటు మాట్లాడుకుని మడ అడవి చూడ్డం. ఏ రేవో పేరు రాయను. రాస్తే ఆ ఒక్క రేవే పాపం చేసిందనుకుంటారు.

పంటు ఎక్కాక సరంగుని అడిగాను. "దీని మీద ఎంతమంది ఎక్కొచ్చు సరంగూ?"

"ఎక్కినంతమంది ఎక్కొచ్చు బాబుగారూ."

వేళాకోళమాడాడనుకున్నాను. మొహం చూస్తే కాదు. అతనికి ఎవరూ చెప్పిన అంకె లేదు. ఉన్నదల్లా కంటి కొలత. పడవ అంచు నీళ్లకి ఎంత ఎత్తున ఉందో చూసి, ఒక బస్తాల బండిని "ఉండవోయ్, మళ్లీ వస్తా" అని గట్టునే ఆపాడు. ఆ బండివాడు తిట్టాడు. సరంగు వినిపించుకోలేదు. ఆ రోజు మొత్తంలో నేను చూసిన ఒకే ఒక భద్రతా చర్య అది. దానికి జీవో లేదు.

అవతలికెళ్లాక బోటు బేరం. నాలుగు వేలన్నాడు. బాబాయి రెండన్నాడు. అల్లుడుగారు తలదించుకుని ఫోను చూసుకుంటున్నారు. మూడు, రెండూ ముప్పావు, చివరికి రెండున్నర దగ్గర తెగింది. బాబాయి మీసం మెలేశాడు. అందరం ఎక్కి కూర్చున్నాక బోటువాడు గట్టు మీద నిలబడ్డ ఇంకో కుటుంబానికి చెయ్యూపాడు. తొమ్మిదిమంది.

"వాళ్లెవరయ్యా?" అన్నారు అల్లుడుగారు. "ఇది మేం మాట్లాడుకున్న బోటు గదా!"

"రెండున్నరకి ఒప్పుకున్నా గదండీ. నాకూ గిట్టాలి గదండీ."

అలా మా ప్రత్యేక బోటు పంటైపోయింది. కాకపోతే పంటుకి ఉండే వెడల్పు దీనికి లేదు, ఆ సరంగు కన్ను వీడికి లేదు. మేం కొట్టిన పదిహేను వందలకి వాడు తొమ్మిది తలలు చెల్లువేశాడు. బోటు ఎక్కువమందిని ఎక్కించుకుంటే తప్పు ఎవరిదని ఇకముందు నన్నెవరూ అడక్కండి, బేరమాడేటప్పుడు నేను బాబాయి పక్కనే ఉన్నాను.

లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని మా చెల్లెలు అడిగింది. ఉన్నాయి. వెనక టార్పాలిను కింద మూటకట్టి, తాడుతో రెండు ముళ్లేసి. "బయట పెడితే మాసిపోతాయండీ. ఆఫీసరుగారొస్తే చూపించాలి" అన్నాడు. వాటి సంఖ్య పది. నారింజరంగు, కొత్తవి, ఇంకా ప్లాస్టిక్ కవరు తియ్యలేదు. ఒకటి విప్పించి పిల్లకి తొడిగితే "ఫొటోలో గౌను కనబడట్లేదు" అని మా చెల్లెలే విప్పేసింది. దాన్ని మడిచి పెదనాన్నగారు నడుం కింద పెట్టుకున్నారు. మడ అడవి బాగుంది. కొంగలున్నాయి. బావురుపిల్లి ఉంటుందన్నారు గాని స్పీకరు మోతకి అది మాకంటే ముందే ఒడ్డు చేరుకుని ఉంటుంది.

సాయంత్రం తిరుగు పంటు దిగి ఇవతలి గట్టుకొచ్చాం. పొద్దు వాలింది, నీళ్లు నల్లబడ్డాయి. బాబాయి జేబులోంచి చిత్తుకాగితం తీసి మమ్మల్ని వరసలో నిలబెట్టాడు, బోటు ఖర్చు తలకెంతో తేల్చడానికి. వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. ఇరవైరెండు. మళ్లీ పెట్టాడు. ఇరవైరెండే.

"ఒక తల తగ్గిందేమిట్రా!" అని గట్టిగా అన్నాడు. "తలకి నూటపద్నాలుగు పడుతుంది అలాగైతే!"

మాకు నవ్వాగలేదు. ఆయన తనని తాను లెక్కేసుకోలేదు. అల్లుడుగారైతే పొట్ట పట్టుకుని గట్టు మీద కూలబడ్డారు.

అవతలికి పోయే పంటు కోసం గంప పక్కన పెట్టుకుని కూర్చున్న లంక ముసలమ్మ ఒకామె నవ్వలేదు. "తగ్గింది" అన్న మాట చెవిన పడగానే లేచి నిలబడింది. చీర కుచ్చెళ్లు పైకి దోపి నీళ్ల అంచుకి పరుగెత్తి, రేవులో వలలు దులుపుకుంటున్న కుర్రాళ్లని "ఒరేయ్, పడవ తిప్పండ్రా! మనిషి పోయాడంట!" అని కేకేసింది. ఇద్దరు అప్పటికే గడ అందుకుని దూకారు. వాళ్లని ఆపి, ఎవరూ పోలేదని, మా లెక్కే తప్పని చెప్పడానికి నేను గట్టు దిగి మోకాలిలోతు దాకా వెళ్లాల్సొచ్చింది.

ఆమె నా మొహంలోకి ఒకసారి చూసింది. ఏమీ అనలేదు. తడిసిన చీరతోనే వెనక్కొచ్చి, చుట్టకుదురు తలమీద పెట్టుకుని, గంప ఎత్తుకుని పంటెక్కింది. ఆమె వెనకాల ఎంతమంది ఎక్కారో చూద్దామనుకున్నాను. ఈలోపు బాబాయి పిలిచాడు, ఇరవైమూడుతో భాగిస్తే తలకి నూటతొమ్మిదట, చిల్లర ఉందా అని.